ఒక్క పువ్వు దగ్గర నాలుగు రోజులు: నీటి మొక్కల పరాగ సంపర్కాన్ని గమనించే పద్ధతి

తామర సూర్యుడికి చెలి అనీ, కలువ చంద్రుడికి చెలి అనీ వింటూ పెరిగిన మనం, బెంగళూరులో ఏ చెరువు గట్టు మీదనైనా ఉదయం తొమ్మిదింటికి నీలి కలువలు ఎండలో నిండుగా విచ్చుకుని ఉండడం చూస్తే ఒక్క క్షణం తడబడతాం. కలువ అనే ఒక్క పేరు కింద మనం రెండు వేర్వేరు స్వభావాల మొక్కలను కలిపి పిలుచుకోవడమే ఈ తడబాటుకు మూలం. నీలి కలువ, అంటే నింఫియా నౌచాలి, పగటి పువ్వు. పొద్దెక్కాక విచ్చుకుని మధ్యాహ్నం దాటాక ముడుచుకుంటుంది. తెల్ల కలువ నింఫియా ప్యూబెసెన్స్, ఎర్ర కలువ నింఫియా రూబ్రా చీకటి పడే వేళ విచ్చుకుని, రాత్రంతా తెరుచుకుని ఉండి, మర్నాడు పొద్దు బాగా ఎక్కేసరికి మూసుకుంటాయి. చంద్రుడితో చెలిమి చెల్లేది ఈ రెండింటికే.

ఏ పువ్వును ఏ వేళకు చూడాలో తెలియకపోతే ఎంత శ్రద్ధగా చూసినా తప్పు నిర్ణయానికే వస్తాం. నేను మొదటి ఏడాది తెల్ల కలువలను రోజూ ఉదయం పదింటికి చూసి, వాటి మీద పురుగు వాలడమే లేదని నోటుపుస్తకంలో రాసుకున్నాను. అప్పటికే మూతపడుతున్న పువ్వు మీద ఏ పురుగు వాలుతుంది? ఆ తప్పు తరువాత నేర్చుకున్న పద్ధతినే ఇక్కడ వివరిస్తున్నాను. దీనికి వృక్షశాస్త్రంలో పట్టా అవసరం లేదు. ఒకే పువ్వు దగ్గరకు వరసగా నాలుగైదు రోజులు, రోజుకు రెండు మూడు సార్లు వెళ్ళే ఓపిక మాత్రం తప్పనిసరి. ఒకసారి వెళ్ళి తీసుకున్న వంద ఫొటోలు చెప్పలేని సంగతి ఈ రాకపోకల వల్ల తెలుస్తుంది.

ముందుగా మనసులో పెట్టుకోవలసిన ప్రశ్న

పూల మొక్కలు నేల మీద పుట్టి పెరిగిన వంశాలవి. వాటిలో కొన్ని తరువాతి కాలంలో నీటిలోకి చేరాయి. నీటిలో బతకడానికి వాటి ఆకులూ కాడలూ ఎంతగానో మారిపోయినా, పువ్వులు మాత్రం చాలావరకు పాత పద్ధతినే పట్టుకుని ఉన్నాయి. పరాగానికి నీళ్ళు పడకపోవడమే దీనికి కారణం. చాలా మొక్కల పరాగ రేణువులు తడిస్తే ఉబ్బి పగిలిపోతాయి, లేదా పరాగాన్ని అందుకునే ఆడభాగపు కొస అయిన కీలాగ్రం చేరకముందే మొలకెత్తి వృథా అవుతాయి. అందువల్ల ఏ నీటి మొక్క పువ్వును చూసినా ముందుగా ఒక ప్రశ్న వేసుకోండి: ఈ మొక్క తన పరాగాన్ని తడవకుండా ఎలా కాపాడుకుంటోంది? పువ్వును కాడ మీద నీటికి పైకెత్తి నిలబెడుతోందా, వేళకు రేకలు మూసుకుంటోందా, గాలి బుడగను చుట్టుకుంటోందా, లేక తడిసినా చెడని పరాగాన్నే తయారు చేసుకుంటోందా? రంగు, వాసన, ఆకారం, విచ్చుకునే వేళ వంటి లక్షణాలన్నీ ఈ ప్రశ్నకు జవాబు వెతికే క్రమంలో వాటంతటవే అర్థమవుతాయి.

నీటి మీద తేలే పచ్చని మొక్కలన్నీ పూసేవి కావు. అజొల్లా, సాల్వీనియా, నాలుగు ఆకుల మార్సీలియా నీటిలో పెరిగే ఫెర్నులు. వాటికి పువ్వులు ఉండవు కాబట్టి వాటి దగ్గర ఎదురుచూడకండి.

చోటు, పనిముట్లు

బెంగళూరు చెరువుల్లో చాలావాటిలోకి మురుగునీరు చేరుతోంది. పైకి నిలకడగా కనిపించే నీటి కింద లోతైన బురద ఉంటుంది, గుర్రపు డెక్క దట్టంగా పరుచుకున్న చోట అడుగు ఎక్కడ పడుతుందో తెలియదు. కాబట్టి నీటిలోకి దిగకండి. గట్టు మీద నుంచి, లేదా నడకదారి నుంచి చేతికందే దూరంలో ఉన్న పువ్వులనే ఎంచుకోండి. దూరపు పువ్వులకు బైనాక్యులర్ చాలు. పువ్వుకు దారం కట్టాలన్నా, సంచి తొడగాలన్నా ఆ చెరువు నిర్వహణ చూసేవారి అనుమతి ముందుగా తీసుకోవాలి. ఎందుకు కడుతున్నారో వివరిస్తే కాపలా మనిషి కూడా ఆసక్తి చూపిస్తాడు, మీరు లేని వేళ ఏం జరిగిందో చెబుతాడు. లాల్‌బాగ్ వంటి తోటల్లోని కొలనులు చూడడానికి మాత్రమే. అక్కడ పువ్వును తాకకూడదు.

దగ్గరగా చూసే పనికి నేను మిద్దె మీద రెండడుగుల వెడల్పున్న తొట్టిలో నీలి కలువ పెంచుకున్నాను. అడుగున బంకమట్టి, మట్టి పైకి తేలకుండా దాని మీద గులకరాళ్ళు, ఆపైన జానెడు నీళ్ళు, రోజుకు కనీసం ఆరు గంటల ఎండ ఉంటే కలువ పూస్తుంది. డెంగీ భయం ఉన్న ఊరిది, కాబట్టి దోమపిల్లలను తినడానికి నాలుగు గప్పీ చేపలను తప్పక వదలండి. దోమల మందు మాత్రం కలపవద్దు. అది మీరు చూడదలచిన తేనెటీగలకూ హాని చేస్తుంది.

పనిముట్లు కొద్దివే. తడిసినా చెరగని పెన్సిలు, నోటుపుస్తకం, పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, రెండు మూడు రంగుల ఊలు దారాలు, చిన్న థర్మోకోల్ ముక్కలు, పలుచని మస్లిన్ గుడ్డతో కుట్టిన సంచులు, సన్నని నీటిరంగుల బ్రష్, పారదర్శకమైన అంటుటేపు ఉంటే పని మొదలుపెట్టవచ్చు. పరాగ రేణువులను చూడాలంటే 2014లో మను ప్రకాశ్ బృందం స్టాన్‌ఫోర్డ్‌లో రూపొందించిన కాగితపు సూక్ష్మదర్శిని ఫోల్డ్‌స్కోప్ కూడా సరిపోతుంది. కేసరం కొసన పరాగం నిండి ఉండే పరాగకోశానికి టేపును మెల్లగా ఆనించి తీసి, గాజు పలక మీద అతికించి చూస్తే రేణువులు విడివిడిగా కనిపిస్తాయి.

నీలి కలువ: మొదటి రోజు ఆడది, తరువాత మగది

మొదట నేర్చుకోవలసిన పువ్వు ఇదే అని నా అభిప్రాయం. ఒక మొగ్గ నీటికి పైకి లేచి, పక్కల నుంచి నీలిరంగు తొంగిచూస్తున్న రోజున దాని కాడకు వదులుగా ఎర్ర ఊలు దారం కట్టి, తేదీ రాసుకోండి. దారం బిగిస్తే కాడ నలిగి పువ్వు వాలిపోతుంది.

మర్నాడు అది మొదటిసారి విచ్చుకున్నప్పుడు పైనుంచి నిలువుగా లోపలికి చూడండి. నడుమ చిన్న గిన్నె ఆకారంలో కీలాగ్రం, దానిలో మెరుస్తున్న ద్రవం కనిపిస్తాయి. భూతద్దంతో చూస్తే ఆ ద్రవంలో ఆకాశం చిన్న చుక్కగా ప్రతిఫలిస్తూ ఉంటుంది. చుట్టూ కేసరాలు నిటారుగా నిలబడి ఉంటాయి కాని, వాటి పరాగకోశాలు ఇంకా పగలవు. బ్రష్‌తో తాకితే పసుపుపొడి ఏమీ అంటదు. అంటే ఈ రోజు పువ్వు స్త్రీ దశలో ఉంది. ఇతర పువ్వుల దగ్గర పరాగం పూసుకుని వచ్చిన తేనెటీగ ఈ కేసరాల మీద వాలి, నునుపైన వాటి లోపలి వైపు నుంచి జారి ఆ గిన్నెలో పడుతుంది. దాని ఒంటి మీది పరాగం ద్రవంలో కడుక్కుపోయి కీలాగ్రాన్ని చేరుతుంది. చాలా పురుగులు ఎలాగో గట్టెక్కి ఎగిరిపోతాయి, చిన్నవి కొన్ని అందులోనే చనిపోతాయి. ఒక ఉదయం నా తొట్టిలో కుట్టని బుల్లి తేనెటీగ ఒకటి ఆ గిన్నె అంచుకు వెనుక కాళ్ళు తన్నిపెట్టి, మూడుసార్లు లోపలికి జారి, నాలుగోసారి ఒక కేసరాన్ని పట్టుకుని పైకి వచ్చింది. రెక్కలు ఆరేవరకు రేక మీద కూర్చుని, తరువాత ఎగిరిపోయింది. కూర్చున్నంతసేపూ దాని వెనుక కాళ్ళ మీద పరాగం జాడ లేదు. తెచ్చినదంతా గిన్నెలోనే వదిలి వెళ్ళిందన్నమాట.

రెండో రోజు అదే పువ్వు దగ్గరకు వెళ్ళండి. గిన్నెలో ద్రవం ఆరిపోయి ఉంటుంది. బయటి వరసల కేసరాలు పగిలి, వేలు తాకిస్తే పసుపుపొడి అంటుతుంది, లోపలి కేసరాలు నడుమకు వంగి కీలాగ్రాన్ని కప్పేస్తాయి. ఇక ఈ పువ్వు పరాగాన్ని ఇస్తుందే గాని తీసుకోదు. మూడు, నాలుగు రోజుల్లో మిగిలిన లోపలి వరసలు పగులుతాయి. పాఠ్యపుస్తకాలు స్త్రీభాగ ప్రథమోత్పత్తి అని పిలిచే ఏర్పాటు ఇదే. ఒకే పువ్వు పరాగం అదే పువ్వు కీలాగ్రం మీద పడకుండా రోజుల తేడాతో విడదీసే పద్ధతి ఇది.

దీన్ని బట్టి గమనించే విధానం మారుతుంది. ఒక పువ్వు మీద పదిహేను నిమిషాల్లో ఎన్ని పురుగులు వాలాయో లెక్కపెట్టినంత మాత్రాన పరాగ సంపర్కం గురించి ఏమీ తెలియదు. ఆ పువ్వు ఎన్నో రోజుదో రాయకపోతే ఆ లెక్క పనికిరాదు. మూడో రోజు పువ్వు మీద యాభై తేనెటీగలు వాలి పరాగం మోసుకుపోయినా, వాటిలో ఒక్కటి కూడా మొదటి రోజు పువ్వు మీద వాలకపోతే గింజ కట్టదు. అందుకని ప్రతి పరిశీలనలోనూ తేదీ, వేళ, పువ్వు వయసు, ఎండో మబ్బో, వాలిన పురుగు ఏది, అది కేసరాల మీదే తిరిగిందా లేక నడుమ గిన్నెను తాకిందా, వచ్చేటప్పుడు దాని ఒంటి మీద పరాగం ఉందా అన్నవి రాసుకోండి. ఉదయం, మధ్యాహ్నం, పువ్వు మూసుకోవడానికి ముందు ఒక్కో పదిహేను నిమిషాల చొప్పున, కనీసం పది పువ్వులను ఇలా చూస్తే ఆ చెరువులో ఏం జరుగుతోందో ఒక అంచనాకు రావచ్చు.

పురుగులను పట్టి చంపవలసిన అవసరం లేదు. పెద్ద పట్టు పెట్టే కొండ తేనెటీగ, తొర్రల్లో పట్టు పెట్టే దేశవాళీ తేనెటీగ, పొదల్లో అరచేతంత పట్టు పెట్టే చిన్న తేనెటీగ, నల్లని బుల్లి కుట్టని తేనెటీగ అనే నాలుగు రకాలను వేరు చేయగలిగితే మొదటి ఏడాదికి చాలు. మిగిలినవాటిని ఈగ, పెంకు పురుగు, సీతాకోకచిలుక, తుమ్మెద అని రాసుకుని ఫొటో తీసుకోండి. పూలమీది ఈగలు కొన్ని తేనెటీగ చారలతోనే ఉంటాయి కాబట్టి రెక్కలు లెక్కపెట్టండి. ఈగకు రెండు రెక్కలు, తేనెటీగకు నాలుగు.

తామర: వేడిని పట్టుకునే పువ్వు

తామరను కలువకు అక్కచెల్లెలు అనుకోవడం సహజమే కాని, వృక్షశాస్త్రంలో వీటికి దగ్గరి చుట్టరికం లేదు. తామర ఆకు నీటికి పైకి లేచి గొడుగులా నిలుస్తుంది, దానికి చీలిక ఉండదు, నీటిబొట్టు దాని మీద ముత్యంలా దొర్లిపోతుంది. కలువ ఆకు నీటి మీద పరుచుకుని, కాడ అతికిన చోటిదాకా చీలి ఉంటుంది.

తామర నిర్మాణం తెలుసుకోవడానికి చెరువులోని పువ్వును కోయనక్కరలేదు. శ్రావణ శుక్రవారాలకు ముందు కె.ఆర్.మార్కెట్‌లో తామర మొగ్గలు కుప్పలుగా వస్తాయి. పూజకు కొన్నవాటిలో ఒకటి పక్కన పెట్టి, బ్లేడుతో నిలువుగా రెండు చేయండి. నడుమ తలకిందులైన శంకువు ఆకారంలో లేతపసుపు పుష్పాసనం, దాని పైతలంలో గుంటలు, ఒక్కో గుంటలో ఒక్కో అండాశయం, గుంట నుంచి బయటకు తలపెట్టిన కీలాగ్రం కనిపిస్తాయి. చుట్టూ వందల కేసరాలు, ఒక్కోదాని కొసన తెల్లని చిన్న తోక ఉంటాయి. మార్కెట్ మొగ్గ విచ్చకముందే కోసినది కాబట్టి నిర్మాణం చూడడానికే పనికొస్తుంది. దాని రేకలను చేత్తో విప్పి వయసు అంచనా వేయకండి.

చెరువులో మొదటి రోజు తామర సగమే విచ్చుకుంటుంది. కీలాగ్రాలు తడిగా మెరుస్తూ పరాగానికి సిద్ధంగా ఉంటాయి, కేసరాలు పుష్పాసనాన్ని అంటిపెట్టుకుని మూసి ఉంటాయి. ఆ పూట మళ్ళీ ముడుచుకుంటుంది. రెండో రోజు పళ్ళెంలా పరుచుకుని కేసరాలు పరాగాన్ని వదులుతాయి, కీలాగ్రాలు ఆరిపోవడం మొదలవుతుంది. ఆ తరువాత రేకలు ఒక్కొక్కటిగా రాలిపోతాయి.

సాయంత్రం ముడుచుకున్న తామరలో తుమ్మెద చిక్కుపడిందన్న ఊహ మన కవిత్వంలో చాలా పాతది. ఆ ఊహ గాలిలోంచి పుట్టినది కాదని నా నమ్మకం. మూసుకున్న తామరలో రాత్రంతా పురుగులు ఉండిపోవడం నిజంగానే జరుగుతుంది, అయితే ఎక్కువగా ఉండేవి పెంకు పురుగులు. ఆ రాత్రి వాటికి లోపల వెచ్చదనం దొరుకుతుంది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ ఉద్యానంలో రోజర్ సీమర్, పాల్ షుల్ట్జ్-మోటెల్ కొలిచి 1996లో ప్రకటించిన ప్రకారం, బయటి గాలి 10 డిగ్రీలకు పడిపోయినా తామర తన లోపలి వేడిని 30 నుంచి 36 డిగ్రీల మధ్య నిలుపుకోగలదు. ఎండ వేడిని దాచుకోవడం వల్ల కాక, ముఖ్యంగా పుష్పాసనం శ్వాసక్రియలో పిండిపదార్థాన్ని కరిగించుకోవడం వల్ల పుట్టే వేడి ఇది. బయట చల్లబడిన కొద్దీ ఈ క్రియ పెరుగుతుంది.

దీన్ని మీరు కూడా చూడవచ్చు. సన్నని మొన ఉన్న డిజిటల్ థర్మామీటరు తీసుకుని, సాయంత్రం ఆరు తరువాత, మొదటి రోజు పువ్వులో కేసరాలకూ పుష్పాసనానికీ నడుమ ఆ మొనను గుచ్చకుండా మెల్లగా ఆనించండి. నిమిషం ఆగి చదవండి. వెంటనే పక్కనున్న ముదురు మొగ్గలోనూ, పువ్వు ఎత్తులో నీడన ఉన్న గాలిలోనూ చదవండి. మూడు అంకెలనూ పక్కపక్కనే రాసుకోండి. రాత్రి తొమ్మిదికి, తెల్లవారుజామున అయిదుకు మళ్ళీ చదివితే, గాలి చల్లబడుతున్నా పువ్వు అంకె నిలకడగా ఉండడం కనిపిస్తుంది. చీకట్లో చెరువు గట్టు మీద ఒంటరిగా ఈ పని చేయకండి. తొట్టి తామర ఉన్నవారికే ఇది అనువైన పరీక్ష.

తామరలో మరో సౌకర్యం ఉంది. పరాగ సంపర్కం ఎంతవరకు ఫలించిందో అది తనంతట తానే లెక్క రాసి పెడుతుంది. రేకలు రాలిన రెండు మూడు వారాలకు పుష్పాసనం పచ్చగా పెరిగి, గుంటల్లో ఫలదీకరణ జరిగిన గింజలు ఉబ్బి కనిపిస్తాయి, జరగనివి చిన్నగా ముడుచుకుపోయి ఉంటాయి. మొత్తం గుంటలెన్ని, ఉబ్బినవెన్ని అని లెక్కపెడితే ఆ పువ్వు ఫలసాఫల్యం చేతికి వస్తుంది. ఇలా ఇరవై పుష్పాసనాలు లెక్కపెట్టడం ఒక ఉదయం పని. ఒక్క సంగతి మాత్రం మరవకండి: తామర దుంపకాడ బురదలో పాకుతూ కొత్త మొలకలు వేస్తుంది, కాబట్టి పక్కపక్కన నిలబడిన పది పువ్వులూ ఒకే మొక్కవి కావచ్చు.

కాడల పొడవులో దాగిన ఏర్పాట్లు

గుర్రపు డెక్కను చూస్తే చెరువులను ప్రేమించేవారికి కోపం వస్తుంది, అది న్యాయమే. అయినా దాని పువ్వును ఒకసారి నిలువుగా చీల్చి చూడండి. పై రేక మీద నీలి మచ్చ నడుమ ఉన్న పసుపు బొట్టు తేనెటీగకు దారి చూపే గుర్తు. లోపల ఆరు కేసరాల్లో మూడు పొడవైనవి, మూడు పొట్టివి. కీలాగ్రం ఆ రెండింటి ఎత్తుకూ చెందని మూడో ఎత్తులో ఉంటుంది. దాని సొంత ఊరు దక్షిణ అమెరికాలో కీలం, అంటే కీలాగ్రాన్ని మోసే కాడ, పొడవుగా, మధ్యస్థంగా, పొట్టిగా ఉన్న మూడు రకాల మొక్కలు ఉన్నాయి. ఒక రకం కేసరాల ఎత్తు మరో రకం కీలాగ్రం ఎత్తుకు సరిపోతుంది కాబట్టి ఒక మొక్క పరాగం మరో మొక్క పువ్వుకు చేరడం, అంటే పరపరాగ సంపర్కం, సులువవుతుంది. బయటి దేశాలకు వ్యాపించిన చోట ఎక్కువగా మధ్యస్థ కీలం ఉన్న మొక్కలే కనిపిస్తాయి. మీ చెరువులో ఒక ఇరవై పువ్వులు చీల్చి కీలాగ్రం ఎక్కడుందో రాసుకోండి. జత రకాలు లేకపోయినా చెరువు నిండిపోవడానికి కారణం, అది గింజల కన్నా పిలక మొక్కలతోనే వేగంగా పెరగడం. పువ్వు ఒక్క రోజే ఉంటుంది, తరువాత పూకాడ వంగి కిందికి దిగుతుంది.

రేకల అంచున తెల్లని నూలు పోగుల్లాంటి వెంట్రుకలూ, నడుమ పసుపురంగూ ఉన్న చిన్న పువ్వు నింఫాయిడిస్ ఇండికా. ఆకు చూసి కలువ పిల్ల అనుకుంటారు. దీనిలో రెండు రకాల మొక్కలుంటాయి: ఒకదానిలో కీలం పొడవు, కేసరాలు పొట్టి, మరొకదానిలో తారుమారు. దీని పువ్వు ఒకే రోజుది కాబట్టి ఉదయమే వెళ్ళాలి. రెండు రకాలూ ఒకే చెరువులో ఉన్నాయా లేదా అన్నదే ఇక్కడ ముఖ్యమైన లెక్క.

వరిమళ్ళలోనూ చెరువు అంచుల్లోనూ నీలిపువ్వులు పూసే మోనోకోరియా వజైనాలిస్‌లో కీలం పైకీ కిందికీ కాక ఒక పక్కకు వంగి ఉంటుంది. అయిదు చిన్న పసుపు కేసరాలు, వాటికి భిన్నంగా కనిపించే ఒక పెద్ద కేసరం ఉంటాయి. కీలం ఎడమకు వంగితే పెద్ద కేసరం కుడికి, కీలం కుడికి వంగితే అది ఎడమకు ఉంటుంది. అద్దంలో ప్రతిబింబాల వంటి ఈ రెండు రకాల పువ్వులూ ఒకే మొక్క మీద పూస్తాయి. పసుపు కేసరాల దగ్గర మేసే తేనెటీగకు పెద్ద కేసరం ఒక పక్కన పరాగం పూస్తుంది, ఎదురురకం పువ్వులో కీలాగ్రం సరిగ్గా ఆ పక్కనే తగులుతుంది. పువ్వును ముందు నుంచి చూస్తూ ఎడమ, కుడి అని గీతలు పెట్టి లెక్కించడం చిన్నపిల్లలకు కూడా అప్పగించదగిన పని.

జమ్ము గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. అది గాలికి పరాగాన్ని వదిలేస్తుంది. గోధుమరంగు కండెలో కింది భాగం ఆడ పువ్వులు, పై సన్నని భాగం మగ పువ్వులు. గాలి లేని ఉదయం నల్లని కాగితం కింద పట్టి కాడను ఒక్కసారి తట్టితే పసుపుపొడి రాలుతుంది. తుంగ జాతులదీ చాలావరకు ఇదే దారి.

నీటినే వాహనం చేసుకున్నవి

గరాటు కింద పెట్టి బుడగలు లెక్కపెట్టిన బడిలోని ప్రయోగం వల్ల హైడ్రిల్లా మనందరికీ తెలుసు, కాని దాని పువ్వును చూసినవారు తక్కువ. ఆకు పంగలో పెరిగిన మగ మొగ్గ తెగి, బుడగలా పైకి తేలుతుంది. నీటిమట్టం చేరగానే ఫట్టున విచ్చుకుని పరాగాన్ని గాలిలోకి చిమ్ముతుంది. సన్నని పొడవైన మెడతో నీటిమట్టానికి చేరిన ఆడ పువ్వు చిన్న గరాటులా గాలిని పట్టుకుని లోపలికి నీరు రానివ్వదు. నేరుగా ఆ గరాటులో పడిన పరాగమే పనికొస్తుంది, నీటి మీద పడినదంతా వృథా. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో కలుపుగా వ్యాపించిన హైడ్రిల్లాలో చాలావరకు ఆడ మొక్కలే ఉన్నాయి. అవి గింజ లేకుండా తుంపులతో, దుంపలతోనే అంత విస్తరించాయి. కాబట్టి మొక్క దండిగా ఉంది గనుక పరాగ సంపర్కం బాగా జరుగుతోందని ఎన్నడూ అనుకోకండి.

నీటి అడుగున పెరిగే వాలిస్నేరియా అనే మొక్క ఇంకొంత ముందుకు వెళ్ళింది. దాని మగ పువ్వులు ఆవగింజ కన్నా చిన్నవి. వందల సంఖ్యలో అడుగు నుంచి తెగి పైకి తేలి, రేకలను పడవలా పరుచుకుని, పొడి పరాగాన్ని పైకెత్తి పట్టుకుని గాలివాటున తిరుగుతాయి. పొడవైన సన్నని కాడ మీద వచ్చిన ఆడ పువ్వు చుట్టూ నీటి పొర కొద్దిగా గుంటపడి ఉంటుంది. ఆ గుంట వాలులోకి పడవలు జారి కీలాగ్రానికి తగులుతాయి. ఆ తరువాత ఆడ పువ్వు కాడ మరలా చుట్టుకుని కాయను అడుగుకు లాక్కుంటుంది. పరాగ సంపర్కం ఆడ పువ్వు నడవడిని ఎలా మారుస్తుందో ఎస్.బి.కౌశిక్ 1939లోనే అమెరికన్ జర్నల్ ఆఫ్ బాటనీలో వివరించారు. గుర్రపు డెక్క నీటిమట్టాన్ని కప్పేసిన చెరువుల్లో వెలుతురు అడుగుకు చేరదు, తేలి తిరగడానికి ఖాళీ నీరూ మిగలదు. కనుక దీన్ని గాజు తొట్టిలో చూడడమే సులువు. అక్వేరియం దుకాణంలో కొనేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం: మొక్కలు ఆడవి వేరు, మగవి వేరు, దుకాణంలోని కట్ట అంతా ఒకే మొక్క పిలకలు కావచ్చు. రెండు మూడు చోట్ల నుంచి తెచ్చి కలిపి నాటితే రెండూ దొరికే అవకాశం పెరుగుతుంది. గాలి పంపును ఆపి, నీటిమట్టం కంటికి సమానంగా వచ్చేలా కూర్చుని, పక్క నుంచి టార్చి వేసి చూడండి. నీటి పొరలో ఆ గుంట వెలుగు వంపుగా స్పష్టంగా కనిపిస్తుంది.

పూర్తిగా నీటి లోపలే పని ముగించుకునేది నీటిలో మునిగి పెరిగే సెరటోఫిల్లం అనే మొక్క. దాని కేసరాలు తెగి పైకి తేలి, వదిలిన పరాగం మెల్లగా కిందికి దిగుతూ కీలాగ్రాలకు తగులుతుంది. నేల మొక్కల పరాగానికి ఉండే గట్టి పైపొర దీనికి లేదు. ఫోల్డ్‌స్కోప్‌లో కలువ పరాగాన్నీ దీన్నీ పక్కపక్కన చూస్తే ఆ తేడా తెలుస్తుంది.

సంచి కట్టి నిర్ధారించుకోవడం

చూసినదాన్ని బట్టి ఊహించడం ఒక ఎత్తు, నిర్ధారించుకోవడం మరో ఎత్తు. కలువ మొగ్గలను మూడు జట్లుగా విడదీయండి. ఒక జట్టును ఉన్నది ఉన్నట్టు వదిలి, ఎర్ర దారం మాత్రం కట్టండి. రెండో జట్టుకు విచ్చుకోవడానికి ముందురోజే మస్లిన్ సంచి తొడిగి, నాలుగు రోజులూ తీయకండి. మూడో జట్టుకూ సంచి తొడిగి, మొదటిసారి విచ్చుకున్న ఉదయం మాత్రం తెరిచి, దూరంలో ఉన్న వేరే మొక్క తాలూకు రెండో రోజు పువ్వు నుంచి బ్రష్‌తో తెచ్చిన పరాగాన్ని గిన్నెలోని ద్రవంలో కలిపి, వెంటనే మళ్ళీ సంచి కట్టండి. సంచిలోని పువ్వులు గింజ కట్టకుండా, చేత్తో పరాగం ఇచ్చినవి కడితే ఆ పువ్వుకు పురుగు అవసరమని తేలుతుంది. చేత్తో ఇచ్చినవి వదిలేసిన వాటికన్నా బాగా ఎక్కువ గింజలు కడితే, ఆ చెరువులో పురుగుల రాక చాలడం లేదని అర్థం. నా దృష్టిలో నగరంలో చెరువులను కాపాడేవారికి ఈ ఒక్క పోలిక ఎంతో ఉపయోగపడుతుంది.

సంచికి పాలిథీన్ కవరు వాడకండి. నేను మొదట అదే వాడాను. మధ్యాహ్నానికి లోపల ఆవిరి పట్టి, చుక్కలు కారి, పరాగం ముద్దకట్టి పువ్వు కుళ్ళిపోయింది. పురుగు రాకపోవడం వల్లే గింజ కట్టలేదని పొరబడి ఒక కాలమంతా పోగొట్టుకున్నాను. మస్లిన్ గుడ్డ కూడా తడిస్తే పువ్వు మీదికి వాలుతుంది కాబట్టి, సన్నని వెదురు పుల్లను నీటిలో పాతి సంచి పైకొసను దానికి కట్టండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం వాన పడిన రోజులను నోటుపుస్తకంలో విడిగా గుర్తుపెట్టుకోండి.

పని ఇక్కడితో అయిపోదు, ఎందుకంటే కలువ తన కాయను దాచుకుంటుంది. పూత ముగిశాక కాడ వంగి పువ్వును నీటి అడుగుకు తీసుకుపోతుంది, కాయ అక్కడే పండుతుంది. ఏ కాయ ఏ జట్టుదో తెలియడానికి, పువ్వు మునగకముందే కాడకు రెండడుగుల దారం కట్టి, రెండో కొసకు నంబరు రాసిన థర్మోకోల్ ముక్క కట్టి వదలండి. వారానికి ఒకసారి దారం పట్టి మెల్లగా పైకి లాగి కాయ గట్టిదనం చూడండి. పరాగం అందని పువ్వు మెత్తబడి కుళ్ళిపోతుంది, అందినది గుండ్రంగా బరువెక్కుతుంది. కాయ పండినప్పుడు నీటిలోనే పగిలి గింజలను వదిలేస్తుంది కాబట్టి, గట్టిపడిన వెంటనే దానికి సన్నని దోమతెర గుడ్డ సంచి కట్టాలి. లేకపోతే లెక్క చేజారిపోతుంది.

సంచి పైకి తీసి, తెల్లని పళ్ళెంలో నీళ్ళు పోసి అందులో విప్పండి. జిగురు పొర చుట్టుకున్న చిన్న గింజలు వందలుగా పైకి తేలుతాయి. ఆ పొరలోని గాలే వాటిని తేల్చి, చెరువులో మరో మూలకు చేరుస్తుంది. పదేసి గింజల చొప్పున పుల్లతో పక్కకు నెట్టుతూ లెక్కపెట్టి, జట్టు నంబరుకు ఎదురుగా రాసుకోండి. ఒకటి రెండు రోజుల్లో ఆ పొర కరిగి గింజలు మునిగిపోతాయి. వాటిని ఎండనివ్వకుండా, ఏ చెరువు నుంచి వచ్చాయో ఆ చెరువు అంచు బురదలోనే తిరిగి వదిలేయండి.